సన్మానింపుము అంటే శాలువా కప్పడమా? నిర్గమకాండము 20:12 మీద

ప్రశ్న:
అందరికీ వందనాలండీ. వచ్చే నెల తల్లుల ఆదివారం రోజు ఆరాధనలో కాసేపు మాట్లాడమని యూత్ వాళ్లు నాకు అప్పగించారు. వాక్యం కూడా వాళ్లే ఇచ్చేశారు, "నీ తండ్రిని నీ తల్లిని సన్మానింపుము". చదివినప్పటి నుంచీ నాకు టెన్షన్ ఏంటంటే, సన్మానం అనగానే ఇవాళ మనకి గుర్తొచ్చేది వేదిక, శాలువా, మెమెంటో, గ్రూప్ ఫోటో. అమ్మని ఆ ఒక్క పూట స్టేజీ ఎక్కించి చేతిలో పువ్వు పెడితే ఆజ్ఞ నెరవేరిపోయిందా అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి? "గౌరవించు" అని మార్చి చదివితే తప్పవుతుందా? మూలంలో అసలు ఏముంది?

జవాబు:
సిస్టర్ గారూ, మార్చి చదవకండి, ఉన్నది ఉన్నట్టు చదివి విప్పి చెప్పండి. హీబ్రూలో అక్కడున్న క్రియ "కబ్బేద్". దాని ధాతువుకి మొదటి అర్థం బరువు. దేవుని మహిమకి వాడే "కావోద్" కూడా ఆ ధాతువు నుంచి వచ్చిందే. కాబట్టి ఆజ్ఞలో ఉన్నది పొగడమని కాదు, సభ పెట్టమనీ కాదు, అమ్మకి నీ జీవితంలో ఉండాల్సిన బరువు ఉండనియ్యి అని. దీనికి ఎదురుమాట చూడాలంటే పక్క అధ్యాయానికే వెళ్లండి, 21:17. తండ్రినైనా తల్లినైనా శపించేవాడికి మరణశిక్ష అన్న చోట "శపించు" అని మనవాళ్లు అనువదించిన క్రియ, తేలికగా ఉండడం అనే ధాతువు నుంచి వచ్చింది. ఒక చోట బరువు, ఇంకో చోట తేలిక. మనం కూడా "అమ్మని తేలిగ్గా తీసిపారేశాడు" అంటాం కదా, సరిగ్గా అదే. నోటితో తిట్టకపోయినా ఆవిడ మాట్లాడుతుంటే ఫోన్ చూసుకుంటూ ఊ కొట్టడం ఈ లెక్కలో ఎటు పడుతుందో మీ యూత్ వాళ్లనే అడగండి.

ఇంకొకరు:
పై బ్రదర్ చెప్పినదానికి చిన్న చేర్పు. అడిగినావిడ "గౌరవించు" అని మారుద్దామన్నారు చూడండి, ధాతువు పరంగా ఆవిడ మనసుకి తట్టినదే మూలానికి దగ్గర. సంస్కృతంలో గురు అంటే బరువైనది, దాన్నుంచే గౌరవం. గురుత్వాకర్షణలో ఉన్నదీ ఆ గురువే. సువార్తల్లో వాడిన "ఘనపరచు" కూడా దూరం కాదు, ఘనపదార్థం అన్నప్పటి ఘన. సన్మానం మాత్రం వేరే దారి, అది మన్ ధాతువు, తలచడం, ఎంచడం. అలాగని సన్మానింపుము తప్పు అనువాదం అనను. అనువదించినవాళ్లు రాసిన రోజుల్లో ఆ మాటకి మంచి మన్నన అనే అర్థమే బలంగా ఉండి ఉంటుంది, దాన్ని శాలువాకి కట్టేసింది మనం.

జవాబు:
బరువు, తేలిక బాగానే ఉన్నాయి కానీ చర్చ అంతా మనసులో భావం దగ్గరే ఆగిపోతోంది. ఆ క్రియలో డబ్బు కూడా ఉందండీ, అది ఎవరూ చెప్పరు. సామెతలు 3:9 చూడండి, నీ ఆస్తిలో భాగం ఇచ్చి యెహోవాను ఘనపరచుము అని. అక్కడా హీబ్రూలో అదే కబ్బేద్. ఇవ్వడంతోనే ఘనపరచడం. మత్తయి 15లో యేసు పరిసయ్యులనే యూదు మతనిష్ఠుల మీద మండిపడింది సరిగ్గా ఈ విషయం మీదే. నా వల్ల నీకు రావలసినది దేవార్పితం అయిపోయింది అని అమ్మానాన్నలతో చెప్పేసి, భక్తి పేరుతో వాళ్ల పోషణ ఎగ్గొట్టే దారి కనిపెట్టారు. మార్కు 7లో దానికి పేరు కూడా ఉంది, కొర్బాను. దేవుడికి ఇచ్చాను కాబట్టి అమ్మకి ఇవ్వలేను అన్న మాటని ఆయన భక్తిగా ఒప్పుకోలేదు, మీ పారంపర్యాచారంతో దేవుని వాక్యాన్ని కొట్టేస్తున్నారు అన్నాడు. కానుకల పెట్టెలో ధారాళంగా వేసి ఇంట్లో అమ్మ మందుల చీటీ పక్కన పెట్టేసేవాళ్లకి ఇంతకంటే సూటిగా ఎవరు చెప్తారు?
కొత్త నిబంధన రాసిన గ్రీకు వైపు నుంచి చూసినా అంతే. అక్కడ ఈ ఆజ్ఞకి వాడిన "తిమావో" క్రియకి చుట్టమైన నామవాచకం "తిమే", అంటే వెల, విలువ. 1 తిమోతి 5లో నిజంగా అనాథలైన విధవరాండ్రను సన్మానించమన్న చోట ఉన్నదీ ఆ క్రియే, అక్కడ సందర్భమంతా వాళ్ల పోషణ ఎవరు చూడాలన్నదే. ఆ తర్వాతి వచనంలోనే పిల్లలు తలిదండ్రులకు ప్రత్యుపకారం చేయడం నేర్చుకోవాలని ఉంది. ప్రత్యుపకారం అంటే ఒక దండ వేసి చేతులు దులుపుకోవడం కాదు కదా.

ఇంకొకరు:
వ్యాకరణం వాళ్లు గమనించారో లేదో, నిర్గమకాండంలో "నీ తండ్రిని నీ తల్లిని" అని "నీ" రెండుసార్లు, "ని" రెండుసార్లు వచ్చాయి. హీబ్రూలోనూ కర్మని చూపే గుర్తు ఇద్దరికీ విడివిడిగా ఉంది. అమ్మ అక్కడ నాన్న వెనకాల తోకలా రాలేదు. సువార్తల్లో మన అనువాదకులు దాన్ని "తలిదండ్రులను" అని ఒక్క సమాసం చేశారు. గ్రీకులో తండ్రి ముందు, తల్లి తర్వాత, కానీ తెలుగు సమాసంలో తల్లే ముందు. ఎవరూ కావాలని చేసి ఉండరు, మన భాష అలవాటు అది.
లేవీయకాండము 19:3లో మాత్రం మూలంలోనే తల్లి ముందు, "తన తల్లికి తన తండ్రికి భయపడవలెను". ఈ తేడా మీద తల్మూదు అనే ప్రాచీన గ్రంథంలో యూదు పండితుల వివరణ నాకు చాలా ఇష్టం. బిడ్డకి సహజంగా తల్లి మీద ఎక్కువ మన్నన ఉంటుంది కాబట్టి ఆ ఆజ్ఞలో తండ్రిని ముందు పెట్టారట, తండ్రంటే భయం ఎక్కువ కాబట్టి భయపడమన్న చోట తల్లిని ముందు పెట్టారట. తూకం సరిచేశారన్నమాట.

ప్రశ్న:
సన్మానించడం అంటే చెప్పినదల్లా చేయడమేనా? పెళ్లయి పిల్లలున్నవాళ్లు కూడా? సీరియస్‌గానే అడుగుతున్నా, ఈ వాక్యం చూపించి నా నోరు మూయించినవాళ్లు ఉన్నారు.

జవాబు:
కాదండీ. విధేయత వేరే మాట, ఎఫెసీ 6:1లో అది "పిల్లలారా" అని పిలిచి చెప్పింది. సన్మానించమన్న ఆజ్ఞకి వయసు పరిమితి లేదు, సామెతలు 23:22 తల్లి ముదిమిలో ఆమెను నిర్లక్ష్యం చేయొద్దంటుంది, అమ్మ ముసలిదయ్యిందంటే కొడుకు చిన్నపిల్లాడు కాదు కదా. 1 రాజులు 2లో సొలొమోను తల్లి బత్షెబ వస్తే రాజు లేచి ఎదురెళ్లి నమస్కారం చేసి, తన కుడివైపు ఆసనం వేయించాడు. ఆ తర్వాత ఆవిడ అతని సవతి అన్న అదోనీయా తరఫున అడిగింది మాత్రం ఇవ్వలేదు.

ఇంకొకరు:
అదేమంత మంచి ఉదాహరణ కాదు బ్రదర్. అడుగమ్మా, కాదననని మాటిచ్చి మరీ కాదన్నాడు, అదోనీయా ప్రాణమే పోయింది. మర్యాద వేరు, ఒప్పుకోవడం వేరు అని చూపించడానికి పనికొస్తుంది, అంతవరకే.

జవాబు:
తల్లుల ఆదివారం అన్నారు కాబట్టి ఒక మాట. ఆ పండుగని మొదలుపెట్టిన ఆనా జార్విస్ చనిపోయిన తన తల్లి జ్ఞాపకంగా 1908 మే 10న వెస్ట్ వర్జీనియాలోని గ్రాఫ్టన్‌లో ఒక మెథడిస్టు చర్చిలో ఆరాధన ఏర్పాటు చేయించింది. 1914లో అమెరికా అధ్యక్షుడు విల్సన్ మే రెండో ఆదివారాన్ని అధికారికంగా ప్రకటించాడు. ఆ పండుగ పేరులో ఏకవచనమే ఉండాలని ఆవిడ పట్టుబట్టింది, ఎవరికి వాళ్ల తల్లి, లోకంలోని తల్లులందరూ అని కాదు. "నీ తల్లిని" అన్న ఆజ్ఞలోనూ ఉన్నది ఏకవచనమే. తర్వాత కార్డులు, పూల వ్యాపారం పెరిగిపోతే ఆవిడే దాని మీద పోరాటానికి దిగింది.

అడిగినావిడ:
అందరికీ థాంక్స్ అండీ, ఒక్క మాట అడిగితే ఇంత వచ్చింది. ఇంకో సందేహం తీర్చండి. యోహాను 2:4లో, 19:26లో యేసు మరియని "అమ్మా" అని పిలిచాడని చెప్పుకోవచ్చా? గ్రీకులో తల్లి అన్న మాట కాదని ఎవరో అన్నారు.

జవాబు:
కాదు, నిజమే. గ్రీకులో "గునై", స్త్రీని పిలిచే పిలుపు. సమరయ స్త్రీని (4:21), సమాధి దగ్గర మగ్దలేనే మరియని (20:15) పిలిచింది కూడా అదే మాటతో. అది అమర్యాద కాదు, కానీ "తల్లీ" అని అర్థం కాదు. మన అనువాదకులు అన్నిచోట్లా "అమ్మా" అని పెట్టగలిగారు, ఎందుకంటే తెలుగులో ఏ స్త్రీనైనా అమ్మా అని పిలవచ్చు. కాబట్టి ఆ పిలుపు మీద ప్రసంగం కట్టకండి. పక్క వచనం మీద కట్టండి. సిలువ మీద ఉండి శిష్యుడితో "యిదిగో నీ తల్లి" అన్నాడు, అక్కడ గ్రీకులో తల్లి అన్న మాట ఖాయంగా ఉంది, ఆ గడియ నుంచి ఆ శిష్యుడు ఆమెను తన ఇంట చేర్చుకున్నాడని కూడా ఉంది. పైన చెప్పుకున్న పోషణ, బాధ్యత అంతా ఆ ఒక్క వాక్యంలో ఉంది. ఇంకా టైముంటే రోమా 16:13 చదవండి, రూఫు తల్లికి వందనాలు చెప్తూ పౌలు ఆమె నాకును తల్లి అన్నాడు. కనని తల్లులు కూడా మీ చర్చిలో కూర్చుని ఉంటారు, ఆ రోజు వాళ్లని మర్చిపోవద్దు.

ఇంకొకరు:
అదే ఆజ్ఞలో, సన్మానిస్తే వచ్చే ఫలితంగా "దీర్ఘాయుష్మంతుడవు" అని ఉంది, మరి కూతుళ్ల సంగతో?

జవాబు:
హీబ్రూలో ఉన్నది నీ దినాలు పొడుగవునట్లు అని. ఆ "నీ" పుంలింగమే, కానీ పది ఆజ్ఞలన్నీ అలాగే ఉన్నాయి, దొంగతనం మగవాళ్లకి మాత్రమే నిషేధం అని ఎవరూ అనరు కదా. కావాలంటే సిస్టర్ గారు మాట్లాడేటప్పుడు "దీర్ఘాయుష్మంతురాలవు" కూడా కలిపి అనొచ్చు. చదివేటప్పుడు మాత్రం వాక్యం ఉన్నట్టే చదవండి, ముందు వరుసలో పెద్దవాళ్లు కంఠస్థంగా మీతో పాటు చెప్తుంటారు, మాట మారితే అక్కడే ఆగిపోతారు.