చర్చ: నాగ్‌పూర్‌లో లాగా మన బల్లార్షాలో కూడా నల్లా నీళ్లు కంపెనీకి అప్పజెప్తే తప్పేంటి?

బల్లార్షా పెన్షనర్:
మా అబ్బాయి నాగ్‌పూర్‌లో ఉంటాడు. వాళ్ల కాలనీలో ఎప్పుడు తిప్పినా నల్లాలో నీళ్లొస్తాయి. ఇక్కడ నేను పొద్దున్నే లేచి నల్లాకు కాపలా కాయాలి. అక్కడి కార్పొరేషన్ 2012లో ఊరి నీళ్ల సరఫరాను ఆరెంజ్ సిటీ వాటర్‌కు 25 ఏళ్లకు అప్పజెప్పింది. అది ఫ్రాన్స్ కంపెనీ వియోలియా, ఇక్కడి కంపెనీ విశ్వరాజ్ కలిసి పెట్టినది. పైపులు ఇప్పటికీ కార్పొరేషన్‌వే, రేటు నిర్ణయించేదీ కార్పొరేషనే. ఆ మాట ఎత్తితే చాలు, 'నీళ్లు అమ్ముకుంటున్నారు' అని ఎందుకింత లొల్లి?

నల్లా కాడ:
నాగ్‌పూర్ అంటే మీ అబ్బాయి కాలనీ ఒక్కటే కాదన్నా. ఐదేళ్లలో ఊరంతా 24 గంటల నీళ్లిస్తామన్నారు. గడువు పోయింది, ఊరంతటికీ అందలేదు. కంపెనీకి డబ్బు వచ్చేది బిల్లు వేసిన నీళ్ల లెక్కన. బిల్లు రాదనుకున్న గల్లీకి పైపు వేయడానికి దానికేం తొందర? రేటు కార్పొరేషన్‌దే అన్నారు కదా, అది ఏటా 5 శాతం పెరిగేలా ముందే నిబంధన రాసుకున్నారు. ఇక ఏ మీటింగులో అడగాలి, ఎవరిని అడగాలి?

రాజురా రోడ్:
మీటర్ గురించి ఎవరూ మాట్లాడరేం? ఇంతకుముందు వేరే ఊళ్లో అద్దెకున్నప్పుడు నేను కళ్లారా చూశాను. నల్లా తిప్పితే సుయ్‌మని గాలి వస్తోంది, బొట్టు నీళ్లు లేవు, మీటర్లో ఎర్ర చక్రం మాత్రం గిర్రున తిరుగుతోంది. ఆ గాలికీ బిల్లు కట్టాను. ఆఫీసుకెళ్లి మీటర్ పరీక్షించమంటే ముందు బకాయి కట్టి రమ్మన్నారు. గాలికి బిల్లు వేయరని హామీ ఇచ్చాకే మిగతా సంగతి.

బల్లార్షా పెన్షనర్:
తమ్ముడూ, గాలి వచ్చేది గంటల లెక్కన నీళ్లు వదులుతారు కాబట్టే. నీళ్లు ఆపగానే పైపు ఖాళీ అవుతుంది, మళ్లీ వదిలినప్పుడు ముందు గాలి తోసుకొస్తుంది. అంతేకాదు, ఖాళీ పైపు చిల్లుల్లోంచి పక్కనున్న మోరీ నీళ్లు లోపలికి పోతాయి. విరేచనాలు, కామెర్లు అక్కడి నుంచే. 24 గంటలూ పైపు నిండుగా ఉంటే రెండు బాధలూ తప్పుతాయి. నేను చెప్పేది అదే.

రాజురా రోడ్:
ముందు మీటర్ పెడతారు, 24 గంటల నీళ్లు ఎప్పుడో వస్తాయి. ఆ మధ్యలో తిరిగిన గాలి లెక్క ఎవరు వాపస్ ఇస్తారు?

కొత్త కాపు:
బొలీవియాలో కోచబాంబా అనే ఊళ్లో ఇలాగే కంపెనీకి ఇచ్చారు. రేట్లు పెరిగాయి, 2000లో జనం రోడ్డెక్కి ఒప్పందం రద్దు చేయించారు.

బల్లార్షా పెన్షనర్:
బొలీవియా సంగతి మనకెందుకు?

వర్ధా గట్టు:
అయితే దగ్గరిదే చెప్తా. ఛత్తీస్‌గఢ్‌లో దుర్గ్ దగ్గర శివనాథ్ నది. 1998లో 23 కిలోమీటర్ల నదిని 22 ఏళ్లకు రేడియస్ వాటర్ అనే కంపెనీ చేతిలో పెట్టారు. ఫ్యాక్టరీలకు నీళ్లమ్మడం దాని పని. తాతల నాటి నుంచి వల వేసుకునేవాళ్లను, గట్టు మీద మోటార్ పెట్టుకున్న రైతులను నీళ్ల దగ్గరికి రానివ్వలేదు.

బల్లార్షా పెన్షనర్:
అది నది, ఇది నల్లా. రెంటినీ కలపకండి.

నల్లా కాడ:
మీ ఇంట్లో బోరుంది కాబట్టి మీకు అలాగే ఉంటుంది.

బల్లార్షా పెన్షనర్:
బోరుంటే నేరమా? ముప్ఫై ఏళ్లు గనిలో దిగి కట్టుకున్న ఇల్లది. పన్ను కడతాను, నల్లా బిల్లు కడతాను. కట్టనివాళ్లు లైన్ పగలగొట్టి ఊరికే పట్టుకుంటుంటే నా నల్లాకు ఫోర్సు రాదు. నగరసేవకుడు, అంటే మన వార్డు కౌన్సిలర్, ఓట్ల కోసం ఆ కనెక్షన్లు కోయడు. కంపెనీ అయితే కోస్తుంది. అందుకే కావాలంటున్నా.

నల్లా కాడ:
ఈ మాట మొదటే చెప్పాల్సింది. ఇంతసేపూ పైపులు, గాలి అంటూ తిప్పారు. మీకు కావాల్సింది మా నల్లా కోసే మనిషి.

మాది పట్టా లేని బస్తీ. కనెక్షన్ కోసం వెళ్తే పట్టా తెమ్మంటారు, పట్టా కోసం వెళ్తే రేపు రమ్మంటారు. వాల్వ్ కారే గుంట దగ్గర మా అత్త చీకట్లో కూర్చుని గిన్నెతో బిందెలోకి తోడుతుంది, అడుగున మట్టి కదలకుండా పైపైన. దాన్ని దొంగతనం అంటారా? 2014 డిసెంబర్‌లో బొంబాయి హైకోర్టు ముంబై బస్తీల కేసులో చెప్పింది: ఇల్లు చట్టవిరుద్ధమైనా అందులో ఉండే మనిషికి నీళ్లు లేవనకూడదని. మునిసిపాలిటీ ఇవ్వకపోతే ఖాళీ బిందెలతో నగరసేవకుడి గుమ్మం ముందు కూర్చుంటాం. ఓట్లకు భయపడతాడన్నారే, మాకున్న బలం అదొక్కటే. కంపెనీ మేనేజర్‌కు మా ఓటుతో ఏం పని?

వర్ధా గట్టు:
మీరు బిందెల దగ్గర కొట్టుకుంటున్నారు. చాందాకు, అంటే చంద్రపూర్‌కు, నీళ్లిచ్చే ఇరాయి డ్యాం కట్టిందే అక్కడి థర్మల్ కరెంటు స్టేషన్ కోసం. 2010 వేసవిలో డ్యాం అడుగంటి అక్కడ యూనిట్లు ఆపేయాల్సి వచ్చింది. అలాంటి చోట ఊరికెంత, ఫ్యాక్టరీకెంత అని ఎవరూ అడగరేం?

బల్లార్షా పెన్షనర్:
అది వేరే చర్చ, వేరే పోస్ట్ పెట్టు. చెల్లె, నేను మనుషులకు నీళ్లు వద్దనలేదు. పట్టా ఉన్నా లేకున్నా కనెక్షన్ ఇవ్వమనే అంటా. కానీ మీటర్ పెట్టాలి, కట్టకపోతే కోయాలి. కోయకపోతే ఎవరు కడతారు?

రాజురా రోడ్:
గాలికి తిరిగిన బిల్లు కట్టకపోయినా కోస్తారా? దీనికి జవాబు చెప్పండి.

నల్లా కాడ:
మేం కట్టబోమని ఎవరన్నారు? ఎండాకాలం ట్యాంకర్‌వాడికి డ్రమ్ము లెక్కన కడుతున్నది మేమే. మీ నల్లా బిల్లు కంటే ఎక్కువే కడుతున్నాం. అదే డబ్బు మునిసిపాలిటీ తీసుకుని లైన్ వేయమనండి, నెలనెలా కడతాం. ఒక నెల కూలి దొరక్క ఆలస్యమైతే వెళ్లి అడగడానికి మాకో మనిషి ఉండాలి. ఆ మనిషి మేం ఓటేసినవాడై ఉండాలి.