మొహం చూసి ఆటగాడిలో కసి ఉందో లేదో చెప్పగలమా?

ఆరో ఆటగాడు
జూనియర్ బాస్కెట్‌బాల్ జట్టు ఎంపికలో మొదలైన వాదన ఇంకా తెగలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను. ఒక పొడగరి కుర్రాడు ఉన్నాడు. పాస్ చక్కగా ఇస్తాడు, రీబౌండ్లు (తప్పిన షాట్ల బంతులు) తీస్తాడు. కానీ బాస్కెట్ పడినా, తప్పినా, ఎవరైనా తోసినా మొహంలో ఏ మార్పూ ఉండదు, బస్సు కోసం నిలబడ్డవాడిలా ఉంటాడు. సెలెక్టర్లలో ఇద్దరు "వీడిలో కసి లేదు" అని పక్కన పెట్టేశారు. వాడి బదులు తీసుకున్నవాడు దొరికిన ప్రతి బంతికీ నేల మీద పడతాడు, చప్పట్లు కొడతాడు, అరుస్తాడు. బయటికి కనిపించేదాన్ని బట్టి ఒకరి శ్రమనీ పట్టుదలనీ తేల్చేయడం సబబేనా? నేనైతే కాదంటాను.

నేల మీద బంతి
సబబే. బయటికి కనిపించేది కాక ఇంకేం చూస్తాం? ఎవరి గుండెనీ కోసి చూడలేం కదా. పైగా ఇది పదకొండు మంది ఆట కాదు, కోర్టులో ఉండేది ఐదుగురే. ఒకడు భుజాలు జార్చుకుని తిరిగితే ఆ నీరసం మిగతా నలుగురికీ అంటుకుంటుంది. షాట్ తప్పగానే చేతులు చాచి రిఫరీ వైపు చూస్తూ నిలబడిపోయేవాడు, ఆ రెండు సెకన్లలో అవతలి జట్టు ఐదుగురికీ మన నలుగురిని అప్పగిస్తున్నాడు. ఇది చెప్పడానికి లెక్కలు అక్కర్లేదు, కళ్లు చాలు.

బాక్స్ స్కోర్ బాబాయ్
మీరు రెండు సంగతులు కలిపేశారండీ. షాట్ తప్పాక వెనక్కి పరుగెత్తకపోవడం చేసిన తప్పు. దానికి మార్కులు కోయండి, ఎవరూ అడ్డు చెప్పరు. భుజాలు జారడం మాత్రం కనిపించే తీరు, అంతే. టిమ్ డంకన్‌ని తీసుకోండి. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో శాన్ ఆంటోనియో జట్టుకి 19 సీజన్లు ఆడాడు, 5 టైటిళ్లు, 15 సార్లు ఆల్-డిఫెన్సివ్ జట్టులో (ఏటి మేటి డిఫెండర్ల జాబితా) చోటు. అన్నేళ్లూ అతనిది ఒకటే మొహం. చిత్రమేమిటంటే, 2007 ఏప్రిల్‌లో డల్లాస్‌తో మ్యాచ్‌లో బెంచ్ మీద కూర్చుని నవ్వినందుకు రిఫరీ జోయీ క్రాఫర్డ్ అతనికి టెక్నికల్ ఫౌల్ ఇచ్చి బయటికి పంపేశాడు. తర్వాత లీగ్ ఆ రిఫరీనే సీజన్ అయ్యేదాకా పక్కన పెట్టింది. నవ్వకపోతే ఆసక్తి లేదంటారు, నవ్వితే బయటికి పొమ్మంటారు, ఇక మనిషి ఏం చేయాలి?

ట్రేసీ మెక్‌గ్రేడీ సంగతి ఇంకా అన్యాయం. పుట్టుకతోనే రెప్పలు సగం వాలిన కళ్లు. నిద్రమత్తులో ఆడుతున్నాడని ఎన్నిసార్లు విన్నామో. ఆ కళ్లతోనే 2003లో, 2004లో వరుసగా లీగ్ స్కోరింగ్ టైటిల్ గెలిచాడు. 2004 డిసెంబర్ 9న అదే శాన్ ఆంటోనియో మీద ఆఖర్లో నిమిషం కూడా నిండకుండా 13 పాయింట్లు కొట్టి, ఓడిపోయిందనుకున్న మ్యాచ్‌ని 81-80తో హ్యూస్టన్ చేతిలో పెట్టాడు.

నేల మీద బంతి
ఈ చర్చ ఎక్కడ వచ్చినా డంకన్ పేరే తెస్తారు. అతను నెగ్గాడు కాబట్టి మౌనం గొప్పగా కనిపిస్తోంది. అలాగే మౌనంగా ఉండి, నిజంగానే ఆసక్తి లేక, రెండేళ్లలో కనుమరుగైపోయినవాళ్ల పేర్లు ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఎంపిక చేసేవాడి ముందు ఉండేది డంకన్ కాదు, ఎవరో తెలియని పిల్లాడు. జేమ్స్ హార్డెన్ డిఫెన్స్‌లో నిలబడి చూస్తున్న వీడియోలు మీరూ చూసే ఉంటారు. అక్కడ కంటికి కనిపించిందే నిజం.

స్క్రీన్ సెట్టర్
హార్డెన్ వీడియోల్లో మనం చూసింది అతని మొహాన్ని కాదు, కాళ్లని. తన మనిషి వెనక నుంచి రింగ్ వైపు వెళ్లిపోతుంటే కదలని కాళ్లు. అది పని లెక్క. కాబట్టి ఆ ఉదాహరణ బాబాయ్ వైపే పడుతుంది.

అసలు సంగతికి వస్తే, ఎన్‌బీఏ 2013-14 సీజన్ నుంచి అన్ని అరీనాల్లో కదలికల్ని పట్టే కెమెరాలు పెట్టింది. 2016 ప్రాంతం నుంచి హసిల్ (ఒళ్లు దాచుకోని శ్రమ) లెక్కలు కూడా బయటపెడుతోంది: ఎన్ని పాస్‌లకి చెయ్యి అడ్డం పెట్టాడు, ఎన్ని లూజ్ బాల్స్ (ఎవరి చేతిలోనూ లేని బంతులు) అందుకున్నాడు, ఎన్ని చార్జ్‌లు (దూసుకొచ్చేవాడికి కదలకుండా ఎదురు నిలిచి ఫౌల్ రాబట్టడం) తీసుకున్నాడు, ఎన్ని షాట్లకి చెయ్యెత్తాడు, అతని స్క్రీన్ (తోటివాడికి దారి చేయడానికి డిఫెండర్‌కి ఒళ్లు అడ్డం పెట్టడం) వల్ల ఎన్ని బాస్కెట్లు పడ్డాయి. అంతకుముందు ఇవన్నీ కామెంటేటర్ నోటిమాట మీద నడిచేవి. ఇందులో చాలావరకు టీవీలో ఎవరూ గమనించనివే. స్క్రీన్ పెట్టి దెబ్బ కాచుకున్నవాడి మీద కెమెరా ఉండదు, బంతి వెనకే పోతుంది.

డైవ్ గురించి కూడా ఒక మాట. కొన్ని డైవ్‌లు అద్భుతం, కాదనను. కానీ చాలాసార్లు నేల మీద పడాల్సి వచ్చేది రెండు అడుగులు తప్పుగా నిలబడినవాడికే. సరైన చోట ముందే ఉన్నవాడు చెయ్యి చాచి తీసుకుంటాడు, చూడ్డానికి అందులో ఏమీ ఉండదు. మనం మాత్రం తప్పు దిద్దుకోవడానికి పడిన కష్టానికి చప్పట్లు కొట్టి, తప్పు చేయనివాడిని బద్ధకస్తుడంటాం! నికోలా యోకిచ్‌ని చూడండి. 2014 డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లని వరుసగా ఎంచుకునే కార్యక్రమం) 41వ ఎంపిక. కండలు కనపడవు, ఎగరడు, నడుస్తున్నట్టే పరుగెత్తుతాడు. 2021, 2022, 2024లో ఎంవీపీ (సీజన్‌లో మేటి ఆటగాడు), 2023లో డెన్వర్‌కి మొదటి టైటిల్. అతను ముందే చేరిపోతాడు కాబట్టి తొందర కనిపించదు.

విజిల్
కనిపించే తీరు అంటే హావభావాలే కాదు. ఒంటి రంగు కూడా అందులోకే వస్తుంది. అమెరికా ప్రసారాల్లో నల్లజాతి ఆటగాడికి "పుట్టుకతో వచ్చిన వేగం", తెల్లవాడికి "కష్టజీవి, బుర్ర ఉన్నవాడు" అని అతికించే అలవాటు మీద ఏళ్లుగా విమర్శ ఉంది. ఒకే పనికి ఒకరికి చెమట ఖాతాలో, ఇంకొకరికి అదృష్టం ఖాతాలో మార్కులు. జెరెమీ లిన్ 2006లో స్కూల్ జట్టుతో కాలిఫోర్నియా రాష్ట్ర టైటిల్ గెలిచినా పెద్ద కాలేజీ ఏదీ స్కాలర్‌షిప్ ఇవ్వలేదు. 2010 డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. 2012 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో అతను చెలరేగినప్పుడు అందరూ ఆశ్చర్యపోయారు. తన ఆసియా రూపం కూడా ఇందుకు కారణమని లిన్ తనే చెప్పాడు. "కళ్లు చాలు" అనేవాళ్లు ఆ కళ్లకి ముందే ఏం అలవాటైందో కూడా చూసుకోవాలి.

నేల మీద బంతి
జాతి సంగతి ఒప్పుకుంటా. మిగతాది కాదు. ఆండ్రూ విగ్గిన్స్ మినెసోటాలో ఉన్నన్నాళ్లూ కసి లేదన్నారు, నిజంగానే రీబౌండ్లకి వెళ్లేవాడు కాదు. గోల్డెన్ స్టేట్‌కి వచ్చాక 2022 ఫైనల్స్ నాలుగో మ్యాచ్‌లో 16 రీబౌండ్లు తీశాడు, సిరీస్ అంతా బోస్టన్ స్టార్ టేటమ్ మీద కాపలా కాశాడు. మార్పు అందరికీ కనిపించింది. అంటే కసి ఉన్నప్పుడు కనిపిస్తుంది, లేనప్పుడూ కనిపిస్తుంది.

బాక్స్ స్కోర్ బాబాయ్
కనిపించింది రీబౌండ్లు గురూ, మొహం కాదు. రెండు ఊళ్లలోనూ ఒకే నిదానం, ఒకే చూపు. మారింది అతనికి అప్పజెప్పిన పని. మినెసోటాలో స్కోరింగ్ భారం అతని మీద ఎక్కువ, గోల్డెన్ స్టేట్‌లో ఆ బరువు తోటి ఆటగాడు స్టీఫెన్ కర్రీ మోశాడు. ఇంకో పక్క చూడండి. 2002 మేలో ప్రాక్టీస్ గురించి విసుక్కుంటూ మాట్లాడిన అలెన్ ఐవర్సన్‌ని అందరూ సోమరి అన్నారు. ఆ సీజన్‌లోనే అతను మ్యాచ్‌కి సగటున 43 నిమిషాలకి పైగా ఆడాడు. మ్యాచ్ మొత్తం 48 నిమిషాలు.

సైడ్‌లైన్ మాస్టారు
పిల్లలకి ఆట నేర్పేవాడిగా చెబుతున్నాను, ఎన్‌బీఏ ఉదాహరణలు కాసేపు పక్కన పెట్టండి. పదమూడు, పదిహేనేళ్ల మధ్య ఒక్కసారిగా పొడవు పెరిగిన పిల్లాడు తన కాళ్లని తనే అదుపు చేసుకోలేడు, అందుకే బద్ధకంగా కనిపిస్తాడు. ఆ వయసులో మోకాలి చిప్ప కింద నొప్పి చాలామందికి ఉంటుంది, జట్టులోంచి తీసేస్తారన్న భయంతో చెప్పరు. అమ్మాయిల్లో రక్తహీనత ఉంటే రెండో క్వార్టర్‌కే ఊపిరి అందదు, మనం దాన్ని "మనసు పెట్టడం లేదు" అంటాం. పొడవాటివాడు అదే దూరాన్ని తక్కువ అడుగుల్లో దాటుతాడు, పొట్టివాడి కాళ్లు చకచకా ఆడతాయి. ఇద్దరి వేగం ఒకటే అయినా మనకి రెండోవాడే కష్టపడుతున్నట్టు అనిపిస్తుంది.

ఇంకో ప్రమాదం ఉంది. కోచ్‌కి అరుపులు ఇష్టమని పిల్లలు వారంలో పసిగట్టేస్తారు. ఆ తర్వాత అందరూ చప్పట్లే. బాక్స్ అవుట్ (రీబౌండ్ కోసం ప్రత్యర్థికి ఒళ్లు అడ్డం పెట్టడం) మాత్రం ఎవరూ చేయరు.

ఆరో ఆటగాడు
మాస్టారూ, రెండో విడత ఎంపిక దగ్గర పడింది. ఏం చూడమంటారు?

సైడ్‌లైన్ మాస్టారు
బంతిని చూడకండి. ఒక్కో సెలెక్టర్ ఒక్కో పిల్లాడిని మాత్రమే కొన్ని నిమిషాలు చూడాలి. బంతి పోగొట్టుకున్నాక మొదటి మూడు అడుగులు ఎటు వేశాడు? షాట్ లేచినప్పుడు ఎవరికైనా ఒళ్లు అడ్డం పెట్టాడా, పైకి చూస్తూ నిలబడ్డాడా? మొదటి గెంతులో బంతి దొరక్కపోతే రెండోసారి ఎగిరాడా? ఇవన్నీ అలసిపోయాక చూడాలి, తాజాగా ఉన్నప్పుడు అందరూ బాగానే చేస్తారు. ఆ పొడగరిని ఒకసారి పక్కకి పిలిచి మోకాళ్లు నొప్పా అని కూడా అడగండి.

నేల మీద బంతి
నాకైతే అరిచేవాడే జట్టులో కావాలి, ఆ మాట మార్చను. డిఫెన్స్‌లో వెనక స్క్రీన్ వస్తోందని అరిచి చెప్పనివాడి వల్ల ముందున్నవాడి పక్కటెముకలు పోతాయి. మీ పొడగరికి హావభావాలు లేకపోతే పోనీ, నోరు ఉందో లేదో చూడండి. మాస్టారి పట్టికలో అది కూడా ఒక గడి పెట్టండి: స్క్రీన్ వచ్చినప్పుడు తోటివాడికి చెప్పాడా లేదా.

సైడ్‌లైన్ మాస్టారు
పెడదాం. అది పనే కదా.