డెంగీ కేసు తేలిన వీధిలో పొగ కొట్టించాలా, వద్దా? (విశాఖ)

కంచరపాలెం కాలనీ సంఘం:
మా సంఘం రెండు ముక్కలైంది. కేసు తేలగానే జీవీఎంసీ (నగరపాలక సంస్థ) వాళ్లను పిలిచి వీధంతా ఫాగింగ్ చేయించాలని ఒక వర్గం. పొగ దండగ, ఆ మనుషులనే ఇంటింటికీ తిప్పి తొట్లు, డ్రమ్ములు చూపించమని రెండో వర్గం. ఇండోనేషియాలో వోల్బాకియా దోమలు (డెంగీ వైరస్‌ను దోమలో పెరగనివ్వని వోల్బాకియా అనే బ్యాక్టీరియా ఎక్కించినవి) వదిలి డెంగీ తగ్గించారు, మనమూ అదే అడగాలని మధ్యలో ఇంకొకరు. నా ఓటు పొగకే. కనీసం ఏదో జరుగుతున్నట్టు జనానికి కనిపిస్తుంది. తెలిసినవాళ్లు చెప్పండి.

ఏడిస్‌వేట:
కనిపించడం వరకే అండీ. డెంగీ మోసేది ఏడిస్ ఈజిప్టి. అది పగలు కుడుతుంది, మిగతా టైములో మంచం కింద, కర్టెన్ వెనక, బీరువా సందులో, వేలాడే బట్టల్లో కూర్చుంటుంది. మిషన్ చప్పుడు వినగానే మనవాళ్లు చేసే మొదటి పని తలుపులు, కిటికీలు బిడాయించడం. ఇక మందు ఎవరికి తగులుతుంది? కాలువ గట్టున ఎగిరే క్యూలెక్స్‌కి. రాత్రి చెవి దగ్గర గీపెట్టేది అదే, డెంగీకి దానికి సంబంధం లేదు.

ఇంకోటి, మన ఊరి గాలి. పొగ చుక్కలు 10–25 మైక్రాన్లుంటేనే గాల్లో తేలుతూ దోమకు తగులుతాయి. గాలి గంటకు 15 కిలోమీటర్లు దాటితే ఆ తేలిక చుక్కలు చెదిరిపోతాయి. సాయంత్రం సముద్రం మీంచి గాలి కొడుతుంటే బీచ్ వైపు కాలనీల్లో పొగ కొట్టడమంటే డీజిల్ తగలేయడమే. కొట్టి తీరాలంటే తెల్లవారుజామున, గాలి మెత్తగా ఉన్నప్పుడు, తలుపులు తీయించి కొట్టాలి. అప్పుడు కూడా చచ్చేది ఎగిరే దోమ ఒక్కటే. తొట్లో ప్యూపా (లార్వా తర్వాతి దశ) ఎల్లుండికి దోమై లేస్తుంది.

జ్వరాల లెక్క:
వేట గారూ, వీధిలో పొగ గురించి మీరన్నదంతా సరే. దాంతో పాటు ఎదిగిన దోమను చంపే పనే వద్దంటే ఒప్పుకోను. రోజులు లెక్కేయండి. రోగి రక్తంలో వైరస్ జ్వరానికి ఒకట్రెండు రోజుల ముందు నుంచి సుమారు ఐదో రోజు దాకా ఉంటుంది. ఆ రక్తం తాగిన దోమలో వైరస్ లాలాజల గ్రంథులకు చేరడానికి 8–12 రోజులు పడుతుంది. జ్వరానికి ముందురోజు కుట్టిన దోమ, జ్వరం ఏడో రోజు నుంచి వేరేవాళ్లకు అంటించగలదు. ఆలోగా దాన్ని చంపితే గొలుసు అక్కడే తెగుతుంది. తొట్లు దులపడం మంచిదే గానీ, అప్పటికే వైరస్ తాగి గోడ మీద కూర్చున్న దోమను అదేం చేయదు.

అందుకని అడగాల్సింది ఇంట్లో స్ప్రే. పైరిత్రమ్ 2 శాతం ఎక్స్‌ట్రాక్ట్ ఒక లీటరుకు 19 లీటర్ల కిరోసిన్. పొయ్యి ఆర్పి, తిండి, నీళ్లు మూసి, మనుషుల్ని, పెంపుడు జంతువుల్ని బయటికి పంపి కొట్టాలి. తర్వాత అరగంట తలుపులు మూసి, ఆపైన బార్లా తీయాలి. ఈ దోమ సాధారణంగా 100 మీటర్ల లోపే తిరుగుతుంది కాబట్టి రోగి ఇల్లు, చుట్టూ ఉన్న ఇళ్లు చాలు. ఊరంతా అక్కర్లేదు.

ఆస్ట్రేలియాలోని కెయిన్స్‌లో 2008–09 డెంగీ వ్యాప్తి మీద 2017లో ఒక అధ్యయనం వచ్చింది. రోగి తిరిగిన చోట్లు ఆరా తీసి, ఆ ఇళ్ల లోపల గోడలకు నిలిచి ఉండే మందు కొట్టారు. కొట్టని ఇళ్లతో పోలిస్తే, కొట్టినచోట తర్వాతి వ్యాప్తికి అవకాశం 86–96 శాతం తగ్గింది.

ఏడిస్‌వేట:
ఆ అధ్యయనంలో అసలు సంగతి మందు కాదండీ, ఆరా. రోగిని కుట్టింది ఇంట్లో దోమేనని ఎవరు చెప్పారు? పగటి దోమ కదా. బడి, కొట్టు, పని చేసే షెడ్డు, ట్యూషన్ అన్నీ అడగాలి. మనవాళ్లు ఆధార్ కార్డు మీది అడ్రసుకు వెళ్లి స్ప్రే చేసి వస్తారు. ఆ అడ్రసులో మనిషే ఉండడు ఒక్కోసారి.

సీరమ్:
ల్యాబ్ వైపు నుంచి ఒక మాట. జ్వరాల లెక్క గారు చెప్పిన ఏడు రోజులు మన పరీక్షల వరసలోనే కరిగిపోతున్నాయి. తొలి ఐదు రోజుల్లో పట్టిచ్చేది ఎన్ఎస్1 (రక్తంలో వైరస్ ప్రోటీన్), ఐజీఎం (ఒంట్లో తయారయ్యే యాంటీబాడీ) కనబడేది సుమారు ఐదో రోజు నుంచి. ర్యాపిడ్ కార్డు పాజిటివ్‌ను ప్రభుత్వ లెక్కలో ఖాయమైన డెంగీగా తీసుకోరు, ల్యాబ్‌లో చేసే ఎలీసా పరీక్ష కావాలి. లెక్కకు అది న్యాయమే. కానీ దోమ ఎలీసా రిపోర్టు కోసం ఆగదు కదా! జ్వరం మూడో రోజు ఎన్ఎస్1 కార్డు పాజిటివ్ వస్తే నాలుగో రోజుకు మనుషులు ఆ ఇంటికి చేరాలి, శాంపిల్ ఎలీసాకు వెళ్లేది వెళ్తుంది. రెండోసారి డెంగీ వచ్చినవాళ్లలో ఎన్ఎస్1 త్వరగా మాయమవుతుంది, కాబట్టి కార్డు నెగటివ్ అని నిశ్చింతగా కూర్చోకూడదు.

టెమీఫాస్:
తొట్ల పార్టీ వాళ్లకు ఒక చురక. లార్వాను చంపే టెమీఫాస్ మందు వేశాం, అయినా పురుగులున్నాయంటారు. ఎంత వేశారు? 50 శాతం ఈసీ (నీళ్లలో కలిపే గాఢ ద్రావణం) మందు 2.5 మిల్లీలీటర్లు 10 లీటర్ల నీళ్లలో కలిపి, చదరపు మీటరుకు 20 మిల్లీలీటర్లు చల్లడం గుంటలకు వాడే కొలత. అదే 20 మిల్లీలీటర్లు 200 లీటర్ల డ్రమ్ములో పోస్తే లోపలికి వెళ్లే అసలు మందు రెండున్నర మిల్లీగ్రాములు. కావాల్సింది లీటరుకు 1 మిల్లీగ్రాము, అంటే 200. పడింది ఎనభయ్యో వంతే! చావని లార్వా ఆ మందుకు అలవాటు పడుతుంది. డ్రమ్ముకు నేరుగా 50 శాతం ఈసీ 0.4 మిల్లీలీటర్లు, 1 మిల్లీలీటరు సిరంజితో కొలిచి, సిబ్బందే వేయాలి. తాగే నీళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు కూడా లీటరుకు 1 మిల్లీగ్రామే, కాబట్టి ఇంకాస్త పోద్దాం అనే చెయ్యి వద్దు.

డ్రై డే (నీళ్లు పారబోసి తొట్లు, డ్రమ్ములు ఆరబెట్టే రోజు) నాడు డ్రమ్ము బోర్లిస్తే సరిపోదు. గుడ్లు నీటి మట్టానికి కాస్త పైన గోడకు అంటుకుని, ఎండిపోయినా నెలల తరబడి బతికుంటాయి. మళ్లీ నీళ్లు పట్టగానే పొదుగుతాయి. కొబ్బరి పీచుతో లోపలి అంచు గట్టిగా రుద్దాలి. రోజు విడిచి రోజు నీళ్లొచ్చే వీధుల్లో డ్రమ్ములు వద్దనలేం, రుద్దడమే దారి. అపార్టుమెంట్లలో ఎవరూ చూడని చోటు లిఫ్టు గుంత.

పాండి మెయిల్:
వోల్బాకియా సంగతికి ఎవరూ జవాబివ్వలేదేం? ఇండోనేషియాలోని యోగ్యకర్తాలో 24 ముక్కలుగా ఊరిని విడదీసి 12 చోట్ల డబ్ల్యూమెల్ రకం వోల్బాకియా ఉన్న దోమల్ని వదిలారు. 2021లో వచ్చిన ఫలితం: డెంగీ 77 శాతం, ఆస్పత్రి పాలైన కేసులు 86 శాతం తక్కువ. పుదుచ్చేరిలోని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) కేంద్రం మన దేశపు ఏడిస్‌లో డబ్ల్యూమెల్, డబ్ల్యూఆల్బ్‌బీ రెండు రకాలూ ఎక్కించినట్టు 2022లో ప్రకటించింది. ఆడదానిలో బ్యాక్టీరియా ఉంటే పిల్లలకూ వస్తుంది. మగదానిలోనే ఉంటే ఆ గుడ్లు పొదగవు. ఒకసారి నాటుకుంటే దాని పని అది చేసుకుపోతుంది.

జ్వరాల లెక్క:
నాటుకోవాలి కదా బాబూ. లార్వా ఉన్న నీళ్లు రోజూ 26 నుంచి 37 డిగ్రీల మధ్య ఊగితే డబ్ల్యూమెల్ పలచబడిపోతుందని ప్రయోగాల్లో తేలింది. మే నెలలో మన డాబా మీది డ్రమ్ము ఎంత కాగుతుందో చెయ్యి పెట్టి చూడు. కౌలాలంపూర్‌లో ఎండకు ఓర్చే డబ్ల్యూఆల్బ్‌బీ వాడారు, అక్కడ తగ్గుదల 40 శాతం. మనకు దారి ఉంటే అటే.

ఇక బ్రెజిల్‌లోని రియోలో తొలి విడత వదిలిన వోల్బాకియా దోమలు నిలవలేదు, ఎందుకో తెలుసా? ఊరి దోమకు పైరిత్రాయిడ్ మందులు (పైరిత్రమ్ లాంటి కృత్రిమ మందులు) పనిచేయవు, వదిలిన దోమకు పనిచేస్తాయి. ఇళ్లలో కొట్టిన స్ప్రేలకు కొత్తవి చచ్చి పాతవి మిగిలాయి. స్థానిక దోమతో సంకరం చేసి మళ్లీ వదిలాకే నిలిచాయి. విశాఖలో వదలాలంటే ముందు విశాఖ దోమతో ఆ పని జరగాలి.

టెమీఫాస్:
ఆ నిరోధకత మాట మీ పైరిత్రమ్ స్ప్రేకి కూడా తగులుతుంది గురువు గారూ. పైరిత్రమ్, పైరిత్రాయిడ్ రెండూ పట్టుకునేది దోమ నరాల్లో ఒకే తలుపు. ఢిల్లీ ఏడిస్‌లో ఆ తలుపు మారిపోయిన జన్యుమార్పు ఎఫ్1534సీ 2015 నాటికే దొరికింది. ఇక్కడి దోమను మందు కాగితం పెట్టిన గొట్టంలో గంట ఉంచి, 24 గంటల తర్వాత ఎన్ని చచ్చాయో లెక్కపెట్టకుండా ఏ మందు కొట్టినా గుడ్డి లెక్కే.

కంచరపాలెం కాలనీ సంఘం:
అంటే పొగ వద్దంటారు, దోమలు వదలడానికి టైముందంటారు. మరి తీర్మానంలో ఏం రాయమంటారు?

సీరమ్:
ఎన్ఎస్1 కార్డు పాజిటివ్ వచ్చిన 24 గంటల్లో రోగి ఇల్లు, పగలు గడిపే చోటు రెండింటికీ మనుషుల్ని పంపాలని రాయండి. కార్డు ఫలితం వార్డు సచివాలయానికి ఎవరు ఫోన్ చేస్తారో పేరు రాయండి. అది లేకపోతే మిగతాదంతా కాగితమే.

ఏడిస్‌వేట:
వీధి పొగ వద్దని కూడా రాయండి.

జ్వరాల లెక్క:
అది రాయకండి. ఒకే వీధిలో కేసులు గుంపుగా పడి, ఇంటింటికీ వెళ్లే మనుషులు చాలనప్పుడు తెల్లవారుజామున తలుపులు తీయించి కొట్టే పొగ కూడా అక్కరకొస్తుంది. వేట గారు ఒప్పుకోరని తెలుసు.

ఏడిస్‌వేట:
ఒప్పుకోను. ఆ తలుపులు తీయించే మనుషులు మీ దగ్గరుంటే, వాళ్లనే డ్రమ్ముల మీదికి పంపండి.