ఫైబర్ బోటు స్టెబిలిటీ: బేసిక్స్ ఎక్కడ మొదలుపెట్టాలి?

కావలి_కుర్రోడు:
అందరికీ నమస్తే. డిప్లొమా మెకానికల్ అయింది నాకు. మా బాబాయికి జువ్వలదిన్నె వైపు ఫైబర్ బోటు ఉంది, వెడల్పు 2 మీటర్లు. ఏప్రిల్ 15 నుంచి వేట నిషేధం కదా, బోటు ఒడ్డున ఉన్నప్పుడే రెండు పక్కలా గోడలు ఓ జానెడు లేపి, మధ్యలో పెద్ద ఐస్ బాక్స్ కట్టించాలని ఆయన ప్లాన్. పనివాళ్లని అడిగితే "ఏం కాదులే అబ్బయా, అందరూ చేయించుకుంటున్నదే" అంటున్నారు. నాకైతే టెన్షన్‌గా ఉంది. యూట్యూబ్‌లో ఒకాయన ఇంటిగ్రేషన్‌తో మొదలుపెడతాడు, ఇంకొకాయన సాఫ్ట్‌వేర్ తెరిచి రంగుల బొమ్మలు చూపిస్తాడు, రెండూ చూసినా మా బోటు తిరగబడుతుందా లేదా అన్న ఒక్క ముక్క తేలలేదు. ఏ వరసలో నేర్చుకోవాలి?

పాత_సర్వేయర్:
సాఫ్ట్‌వేర్ జోలికి ఇప్పుడే పోవద్దు తమ్ముడూ. ముందు మూడు బిందువులు తెలియాలి. బోటు, మనుషులు, వలలు అన్నిటి బరువు కలిసి కిందికి లాగే చోటు జి. నీళ్లు పైకి తోసే చోటు బి. బోటు ఒరిగితే బి ఆ ఒరిగిన వైపుకి జరుగుతుంది, అక్కడి నుంచి నిలువుగా పైకి గీత గీస్తే అది బోటు మధ్యగీతను తాకే చోటు ఎం, అంటే మెటాసెంటర్. జి కంటే ఎం పైన ఉన్నంతవరకు బోటు మళ్లీ లేస్తుంది. ఆ రెండిటి మధ్య దూరమే జీఎం. ఈ మెటాసెంటర్ సంగతి ఫ్రాన్స్‌లో పియర్ బూగే రాసింది 1746లో. అంతకుముందు అంతా అనుభవం మీదే నడిచింది. స్వీడన్ వాసా ఓడ మీద 30 మందిని ఈ పక్క నుంచి ఆ పక్కకి పరిగెత్తిస్తే ఘోరంగా ఊగిందని పరీక్ష ఆపేశారు, అయినా 1628లో బయల్దేరదీశారు, తొలి ప్రయాణంలోనే స్టాక్‌హోమ్ దాటకుండా మునిగింది.

ఇక లెక్క. మీ బోటును ఒక పెట్టె అనుకో, వెడల్పు 2 మీటర్లు, నీళ్లలో మునిగింది 0.4. బి ఎత్తు అందులో సగం, 0.2. బి నుంచి ఎం దూరం కావాలంటే వెడల్పు వర్గాన్ని, 12 రెట్ల మునకతో భాగించు: 4 బై 4.8, అంటే 0.83. కలిపితే ఎం అడుగు నుంచి 1.03 మీటర్ల ఎత్తున ఉంది. జి 0.6 దగ్గరుంటే జీఎం 0.43. ఇప్పుడు సరుకు ఎక్కి మునక 0.5 అయిందనుకో, ఎం 0.92కి దిగిపోతుంది. అదే టైంలో తడి వలలు గుట్టగా పైన పడ్డాయంటే జి పైకెక్కుతుంది. రెండు వైపులా కోత. మీ బోటు అడుగు గుండ్రంగా ఉంటుంది కాబట్టి అసలు అంకెలు మారతాయి, తీరు మాత్రం ఇదే.

గోడలు లేపడం తప్పేం కాదు, ఇంకాస్త ఎక్కువ ఒరిగేదాకా నీళ్లు లోపలికి రావు. కాకపోతే గోడ లేచాక మీ బాబాయి ఊరుకుంటాడా, ఇంకో వల ఎక్కిస్తాడు. నా భయమంతా అదే.

కొత్తపట్నం_బోటు:
జీఎం ఎంత ఎక్కువుంటే అంత మంచిదనేగా? మరి వెడల్పు పెంచేస్తే పోలా?

పాత_సర్వేయర్:
మరీ ఎక్కువైతే బోటు చటుక్కున విసిరి లేస్తుంది, వల లాగే మనిషి నిలబడలేడు. నెమ్మదిగా ఊగేదానిలో పని సుఖం, కానీ మరీ నెమ్మదిగా లేస్తుంటే మాత్రం జీఎం పడిపోయిందని అనుమానించాలి.

రెజిన్_పని:
ఐస్ బాక్స్ గురించి నేను చెప్తా, ఒంగోలు వైపు ఫైబర్ పనే చేస్తాను. కరిగిన నీళ్లు బాక్సులో అటూ ఇటూ పారడమే అసలు గొడవ. ఒరిగిన వైపుకే నీళ్లు చేరి జీఎం తగ్గినట్టవుతుంది, ఆ నష్టం నీళ్లు పారే వెడల్పు ఘనంతో పెరుగుతుంది. 1.2 మీటర్ల చదరపు బాక్స్, బోటు మొత్తం బరువు రెండున్నర టన్నులు అనుకుంటే జీఎంలో దాదాపు 7 సెంటీమీటర్లు పోతుంది. బోటు పొడవునా మధ్యలో ఒక్క అడ్డుగోడ కట్టిస్తే అది 2 లోపుకి వస్తుంది. ఐస్, చేపలు ఉంటాయి కాబట్టి నీళ్లకు అంత చోటు దొరకదు, అయినా లెక్క ఇలాగే వేసుకోవాలి. కొంతమంది బాక్సుకి బొక్క పెట్టి నీళ్లు బోటు అడుగులోకే వదిలేస్తారు. వద్దు, అక్కడ పారే వెడల్పు ఇంకా ఎక్కువ.

స్ట్రక్చర్‌లో మొదట నేర్చుకోవాల్సింది: మందం రెండింతలైతే వంగకుండా నిలిచే గట్టిదనం ఎనిమిదింతలు. కానీ మందం పెంచుకుంటూ పోతే బరువు, ఖర్చు రెండూ పెరుగుతాయి, అందుకే ఫోమ్ మీద మ్యాట్, అంటే గాజు నార గుడ్డ చుట్టి పక్కటెముకల్లా రిబ్బులు వేస్తాం. రిబ్బును షీటు మధ్యలో టక్కున ఆపేయకూడదు, చివర సన్నగా దించాలి, లేకపోతే పగులు సరిగ్గా అక్కడే మొదలవుతుంది. బాక్స్ మూలలు కూడా నేరుగా షీటు మీద కూర్చోకూడదు, బరువు రిబ్బుల మీద పడాలి. ఇంకొకటి, పాత జెల్‌కోట్, అంటే పైన ఉండే నున్నటి రంగు పొర మీదే కొత్త మ్యాట్ అంటిస్తామంటే ఒప్పుకోవద్దు. గ్రైండర్‌తో పెయింట్, జెల్‌కోట్ తీసేసి ఫైబర్ కనపడేదాకా గీకించు, దుమ్ము తుడిచి, పూర్తిగా ఆరాకే రెజిన్, అంటే నారను అంటించి గట్టిపడే జిగురు పూయాలి. అయిపోయాక రూపాయి బిళ్లతో అతుకు పొడవునా తట్టుకుంటూ పో, టక్ టక్ మంటూ వచ్చేది ఎక్కడైనా మొద్దుగా మోగితే లోపల పొర విడిందని అర్థం.

కావలి_కుర్రోడు:
ఇద్దరికీ థాంక్స్ అన్నా. జి ఎత్తు మా బోటుకి ఎంతో ఎట్లా తెలుస్తుంది? అది ఊహించుకుంటే లెక్కంతా ఊహే కదా.

పాత_సర్వేయర్:
గాలి లేని పొద్దున, అల తగలని నీళ్లలో పెట్టి కొలుచుకో. తాళ్లు వదులుగా ఉండాలి, అడుగున నీళ్లు తోడేయాలి. మీటరు దారానికి గుండు కట్టి వేలాడదీయి. 60 కిలోల మనిషిని మధ్య నుంచి పక్కకి ఒక మీటరు జరుపు. గుండు 8 సెంటీమీటర్లు కదిలింది, ఖాళీ బోటు బరువు ఆ మనిషితో కలిపి 1500 కిలోలు అనుకుంటే, 60ని 1500 రెట్ల 0.08తో భాగించు. జీఎం అర మీటరు. ఎం లెక్క నీ దగ్గర ఉంది, అందులోంచి ఇది తీసేస్తే జి. తర్వాత ఎన్‌పీటెల్‌లో, అంటే ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల సైట్‌లో, ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్ల హైడ్రోస్టాటిక్స్ (నీళ్లలో తేలే వాటి లెక్క) పాఠాలు విను, అప్పుడు ఆ ఇంటిగ్రేషన్ ఎందుకో తెలుస్తుంది.

కావలి_కుర్రోడు:
గుండు ఊగుతానే ఉంటే?

పాత_సర్వేయర్:
కింద బకెట్లో పాత ఇంజిన్ ఆయిల్ పోసి గుండును దాంట్లో ముంచు. రెండు వైపులా కొలిచి సగటు తీసుకో.