యూప్సుఖి: చనిపోయినవాళ్ళకి ధైర్యం చెప్పే మాట

బ్రిటిష్ మ్యూజియంలో ఆర్టెమిడోరస్ అనే కుర్రవాడి మమ్మీ ఉంది. ఈజిప్టులో ఫయ్యూం దగ్గర హవారా అనే చోట 1888లో ఫ్లిండర్స్ పెట్రీ తవ్వకాల్లో దొరికింది. రోమన్ల ఏలుబడి కాలం, క్రీ.శ. 100–120 ప్రాంతం నాటిది. మొహం ఉండే చోట పల్చటి చెక్క పలక బిగించి, దాని మీద రంగు కలిపిన తేనెమైనంతో అతని రూపం గీశారు. పెద్ద కళ్ళు, నుదుటి మీద పడ్డ పొట్టి జుట్టు, తలకి బంగారు ఆకుల దండ. మెడ కింద నుంచి అంతా ఎర్రరంగు, దాని మీద బంగారు రేకుతో అనూబిస్, ఒసిరిస్ కథలు. పేరు గ్రీకుది, దేవుళ్ళు ఈజిప్టువాళ్ళు, బొమ్మ గీసిన తీరు రోమన్లది.

నేను అడగబోయేది అతని రొమ్ము మీదున్న రెండు గ్రీకు మాటల గురించి. "ఆర్టెమిడోరే యూప్సుఖి." ఇంగ్లీషులో దీన్ని ఫేర్‌వెల్ అని అనువదించారు. ఒక చిన్న వ్యాసం కోసం దీన్ని తెలుగులో పెట్టాలి. "వీడ్కోలు" అని రాసి కొట్టేశాను. ఆ మాట వింటే నాకు రిటైరైన ఉద్యోగికి శాలువా కప్పడం కళ్ళ ముందు కనిపిస్తుంది. పైగా అసలు మాటలో విడిపోవడం అన్న అర్థమే లేదు. "యూ" అంటే మంచి. "ప్సుఖే" అంటే ఊపిరి, ప్రాణం, ఆత్మ. సైకాలజీలో ఉన్నది అదే. మన "ప్రాణం" కూడా మొదట ఊపిరే కదా. మొత్తం కలిపితే "గుండె దిటవుగా ఉండు" అని.

నన్ను ఆపేసింది ఇక్కడే. ఈ మాట మనం ఎవరితో అంటాం? పోయినవాళ్ళ ఇంటికి వెళ్ళి, మిగిలినవాళ్ళ చేతులు పట్టుకుని అంటాం. "ధైర్యం తెచ్చుకో అమ్మా", "నువ్వే ఇలా అయిపోతే పిల్లల్ని ఎవరు చూస్తారు" అని. అక్కడ మాత్రం పోయినవాడికే ధైర్యం చెబుతున్నారు. వెళ్ళబోయే చోటు కొత్తది, ఒంటరిగా వెళ్ళాలి, భయపడకు అని. ఎన్నిసార్లు చదివినా గొంతులో ఏదో అడ్డుపడుతుంది.

ఇంకొకటి. ఆ రెండు మాటల్లోనూ రాత తప్పులున్నాయి. "యూప్సుఖి"లో చివర రెండక్షరాలతో "ఎయ్" అని రాయాలి, "ఇ" ఒక్కటే రాశారు. ఆ కాలానికి వాళ్ళ నోట ఆ రెండూ ఒకేలా పలికేవి, చెవికి వినిపించిందే చేతికి వచ్చింది. మన ఫ్లెక్సీల మీద "శ్రద్ధాంజలి"కి వత్తు పోయి "శ్రద్దాంజలి" అయినట్టే. ఆ ఫ్లెక్సీ కట్టించినవాళ్ళ దుఃఖంలో మాత్రం తప్పేమీ లేదు. హవారాలో కూడా అంతే అనుకుంటాను.

దీనికి తెలుగు మాట చెప్పండి.

జవాబు: "వెళ్ళిరా" అంటే ఎలా ఉంటుందండీ? మన ఇళ్ళల్లో ఎవరూ "వెళ్తాను" అనరు కదా, "వెళ్ళొస్తాను" అంటారు.

జవాబు: వెళ్ళిరా వద్దండీ. మా వైపు శవం లేచేటప్పుడు ఆ మాట నోట రానివ్వరు. నాకైతే దీన్ని చదవగానే దింపుడు కళ్ళం గుర్తొచ్చింది. దారి మధ్యలో పాడె దించి, చెవి దగ్గర నోరు పెట్టి పేరుతో మూడుసార్లు పిలుస్తారు. మా నాన్నని నేనే పిలిచాను. మూడోసారి గొంతు పెగల్లేదు. అందుకే అడుగుతున్నా, "ఆర్టెమిడోరే" అన్నది సంబోధనే కదా? ఆ చివరి "ఏ" దీర్ఘం మన "నాన్నా", "రాముడా" లాంటి పిలుపేనా?

జవాబు (మొదటి పోస్టు రాసిన నేనే): సంబోధనే అండీ. కానీ అక్కడ ఉండాల్సింది హ్రస్వం. అప్పటి ఈజిప్టు గ్రీకు రాతలో ఈ రెండు అచ్చులూ తరచు ఒకదాని చోట ఒకటి పడేవి, కాబట్టి అది రాత తప్పే. తెలుగు చెవికి పిలుపులా వినపడుతోందంటే మాత్రం కాదనలేను. మీరు చెప్పిన దింపుడు కళ్ళానికీ దీనికీ ఒక తేడా ఉంది. మనం పిలిచేది ప్రాణం ఎక్కడైనా మిగిలుంటే లేస్తాడేమోనన్న ఆశతో. ఇక్కడ ఆ ఆశ వదిలేశాకే రాశారు. అందుకే "నిబ్బరంగా వెళ్ళు" అనుకుంటున్నాను.

జవాబు: మాస్టారూ, "నిబ్బరం" బాగుంది, "వెళ్ళు" తీసేయండి. గ్రీకు మాటలో విడిపోవడం అన్న అర్థం లేదని మీరే అన్నారు. ఇంకో కారణం కూడా ఉంది. ఈజిప్టులోనే ఆక్సిరింకస్‌లో దొరికిన 2వ శతాబ్దపు ఉత్తరం ఒకటుంది. ఐరీన్ అనే ఆవిడ, బిడ్డో బంధువో పోయిన ఒక జంటకి రాసింది. ఉత్తరం మొదట్లో మామూలుగా గ్రీకులో "సంతోషంగా ఉండండి" అని పలకరిస్తారు. ఆవిడ ఆ చోట ఈ మాటే రాసింది, యూప్సుఖేన్ అని. నేనూ ఏడ్చాను, ఇలాంటివాటికి ఎవరూ ఏమీ చేయలేరు, ఒకరినొకరు ఓదార్చుకోండి అని నాలుగు ముక్కల్లో ముగించింది. అంటే ఈ మాట బతికున్నవాళ్ళకీ చెల్లేది. ఐరీన్ ఉత్తరంలో "వెళ్ళు" ఎలా పెడతారు?

జవాబు (నేనే): పెట్టలేనండీ. ఆ ఉత్తరం సంగతి నాకు తట్టలేదు, చాలా థ్యాంక్స్. పోయినవాడికీ మిగిలినవాళ్ళకీ ఒకే మాట ఉన్నప్పుడు తెలుగులోనూ ఒకటే ఉండాలి. "నాన్నా" అని చివర చేర్చాలని చెయ్యి లాగింది కానీ, మూలంలో లేనిది నేను పెట్టకూడదు. ఇలా రాశాను:

ఆర్టెమిడోరా, నిబ్బరంగా ఉండు.