టెర్మినేటర్ ఆరో భాగం బాబాయికి చూపించొచ్చా?

నమస్కారమండి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. చిన్నప్పుడు ఓ సంక్రాంతికి మా బాబాయి వీసీపీ అద్దెకు తెచ్చి, అరుగు మీద టీవీ పెట్టి, 1991 నాటి టెర్మినేటర్ రెండో భాగం వేశారు. ఆ కరిగిపోయే పోలీసును చూసి వారం రోజులు చీకటిపడ్డాక నేను కాలవగట్టు వైపు వెళ్తే ఒట్టు.

ఈ పండక్కి ఊరెళ్తున్నా. 2019లో వచ్చిన ఆరో భాగం డార్క్ ఫేట్ ఆయనకు చూపిద్దామని ఆశ. 2003, 2009, 2015లో వచ్చిన మూడింటినీ పక్కనపెట్టి, కథ రెండో భాగం నుంచే సాగుతుందట. కథానాయిక సారా కానర్ పాత్రలో మళ్లీ లిండా హామిల్టనే. నిర్మాతల్లో మొదటి రెండు భాగాలు తీసిన దర్శకుడు జేమ్స్ కామెరాన్ కూడా ఉన్నాడు.

మా బావమరిది నోట్లో నువ్వుగింజ నానదు. మొదట్లోనే సారా కొడుకు జాన్‌ను చంపేస్తారని చెప్పేశాడు! (చూడనివాళ్లు క్షమించాలి, ఇది చెప్పకుండా అడగడం కుదర్లేదు.) రెండో భాగమంతా కాపాడుకొచ్చిన పిల్లాణ్ణి అలా చేస్తే, బాబాయి మధ్యలోనే లేచి రొయ్యల చెరువు దగ్గరికి వెళ్లిపోతారేమోనని టెన్షన్.

చూసినవాళ్లు చెప్పండి. ఆ దెబ్బ తర్వాత సినిమా కోలుకుంటుందా? వయసు మీదపడిన సారా కోసమైనా చివరిదాకా కూర్చోవచ్చా? లేదంటే పాతదే ఇంకోసారి వేసేస్తాను.