ఇంటర్వ్యూలో “పెళ్లెప్పుడు?” అని అడిగితే అబద్ధం చెప్పడం తప్పా?

కూకట్‌పల్లి టెస్టర్:
నిన్న మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో రెండో రౌండ్. టెక్నికల్ బాగానే అయింది. తర్వాత మేనేజర్ గారు నా రెజ్యుమె పక్కన పెట్టి, “ఇరవై ఏడు కదా, సంబంధాలు చూస్తున్నారా?” అన్నారు. నాకు వచ్చే మాఘంలోనే ముహూర్తం. అయినా “ఇంకో మూడేళ్ల దాకా ఆ ఆలోచనే లేదండి” అనేశాను, ఉంగరం ఉన్న చేయి టేబుల్ కింద పెట్టుకుని మరీ. “ఉద్యోగం కోసం పెళ్లినే దాస్తావా” అని అమ్మ ఒకటే గొడవ. తప్పు చేశానా?

మాజీ హెచ్చార్:
పదకొండేళ్లు ఇదే పని చేశాను. అడగడం తప్పే, ఒప్పుకుంటాను. కానీ చేరిన రెండో నెలలో శుభలేఖ పట్టుకెళ్తే ఆయన ముఖం ఎలా ఉంటుందో ఊహించుకోండి. 2017 సవరణతో ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలైంది, ఇద్దరు పిల్లల వరకు. ఈఎస్ఐ (తక్కువ జీతాల ఉద్యోగులకుండే ప్రభుత్వ బీమా) పరిధి దాటిన జీతాలకు ఆ డబ్బంతా కంపెనీయే పెట్టుకోవాలి. పది మంది ఉన్న టీమ్‌కి అది భారమే. వాళ్ల భయం అదీ.

బందరు బుల్లెమ్మ:
అదే కుర్చీలో మగపిల్లాడు కూర్చుంటే “నాన్న ఎప్పుడవుతావు బాబూ” అని అడిగారా హెచ్చార్ గారూ? నీరా మాథుర్ కేసు గుర్తుందా? ఎల్ఐసీ వాళ్లు ఉద్యోగంలో చేరే ఆడవాళ్లకిచ్చే ఫారంలో నెలసరి సరిగ్గా వస్తుందా, చివరి కాన్పు ఎప్పుడు అని కాలమ్స్ ఉండేవి. ఆవిడ ప్రొబేషన్‌లో ప్రసూతి సెలవు పెడితే, ఫారంలో తప్పు రాశావని తీసేశారు. 1991లో సుప్రీంకోర్టు ఆవిడ్ని మళ్లీ తీసుకోమంది, ఆ కాలమ్స్ ఎత్తేయమంది. అలాంటి ప్రశ్న వేసినవాడికి నిజం వినే హక్కెక్కడిది?

మాజీ హెచ్చార్:
అది కాగితం మీద అడిగింది కాబట్టి దొరికారమ్మా. ఇక్కడ నోటిమాట. రుజువేది?

శాన్‌హోసే బావ:
ఇక్కడ కాలిఫోర్నియాలో 2018 నుంచి పాత జీతం ఎంతని కూడా అడగకూడదు. మన దగ్గర మూడు నెలల పేస్లిప్పులు చేతిలో పెడితే గానీ మాట కదలదు. చట్టంలో అడగొద్దని రాస్తే తప్ప ఎవరూ ఆగరు. పేస్లిప్పుల సంగతి ఇంకో రోజు మాట్లాడుకుందాం.

విజయనగరం కోడలు:
టెస్టర్ చెల్లీ, నన్నూ పిల్లల గురించి అడిగారు. “అది మా అత్తగారి డిపార్ట్‌మెంటండి. పని సంగతంటారా, రెండేళ్లలో ఒక్క సాఫ్ట్‌వేర్ రిలీజ్ కూడా నా వల్ల ఆగలేదు” అన్నాను. ప్యానెల్లో ముగ్గురూ నవ్వేశారు. ఆఫర్ రాలేదనుకో, కానీ ఉంగరం దాచుకుని టెన్షన్ పడే పని లేకపోయింది. ఆయన అసలు భయం నువ్వు మధ్యలో మానేస్తావేమోనని. దానికి జవాబు చెప్పు, పెళ్లి ఊసెత్తకు.

బందరు బుల్లెమ్మ:
ఆఫర్ రాలేదంటున్నారుగా! అద్దె కట్టాల్సిన పిల్లకి ఆ నవ్వులేం చేసుకోవడానికి?

కూకట్‌పల్లి టెస్టర్:
ఇప్పుడే మెయిల్ వచ్చింది, సెలెక్టయ్యాను! చేరాల్సిన తేదీకీ ముహూర్తానికీ మధ్య ఆరే రోజులు. హెచ్చార్ గారూ, మీరే దిక్కు. ఆ సెలవు మెయిల్ ఎలా మొదలుపెట్టమంటారు?